హియర్, లిజన్, సీ, లుక్, వాచ్: మీరు తేడా ఎలా పట్టుకున్నారు?

వెన్నెల, వైట్‌ఫీల్డ్:
బెంగళూరు వచ్చి రెండేళ్ళయింది. మొన్న ఆఫీసు ఫోన్ మీటింగులో మేనేజరు గొంతు తెగి తెగి వచ్చింది. ‘వినపడటం లేదండీ’ అని చెప్పబోయి, హియర్ అనవలసిన చోట లిజన్ అన్నాను. ‘మీ మాట నేను వినడం లేదు’ అన్నట్టయింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. సంగతి తెలిశాక ఆయన ఏమీ అనుకోలేదు గానీ, నాకు మాత్రం ఆ రోజంతా మనసు కుదుటపడలేదు. సీ, లుక్, వాచ్ దగ్గరా ఇదే తంటా. డిక్షనరీ తెరిస్తే మూడింటికీ ‘చూచు’ అనే ఉంటుంది. మీ అనుభవం చెప్పండి.

పలకాబలపం, కె.ఆర్. పురం:
వెన్నెల గారూ, జవాబు మీరే రాసేశారు. ‘వినడం’, ‘వినపడటం’ అని రెండు మాటలు వాడారు చూడండి. విను అంటే లిజన్, వినపడు అంటే హియర్. చూడు అంటే లుక్, కనపడు అంటే సీ. పద్దెనిమిదేళ్ళుగా మన పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఈ తేడా తెలుగులో లేదని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. ‘నేను చూశాను’ అంటాం, ‘నాకు కనపడింది’ అంటాం. ‘నాకు’ వచ్చిందంటే అది మనం పూనుకొని చేసిన పని కాదు, దానంతటదే కంటికో చెవికో తగిలిందన్నమాట. అక్కడ సీ, హియర్. అందుకే వీటికి మామూలుగా ‘ఇంగ్’ చేర్చరు. సీకి ‘ఇంగ్’ తగిలించి పక్కన మనిషి పేరు పెడితే, ఆ మనిషితో ప్రేమలో ఉన్నామనే అర్థం కూడా వస్తుంది, జాగ్రత్త.

వాచ్ అంటే కదిలేదాన్నో, మారేదాన్నో కొంతసేపు కనిపెట్టి చూడటం. పొయ్యి మీద పాలు పెట్టి అమ్మ ‘చూస్తూ ఉండు’ అంటుందే, అదీ వాచ్. మా తరగతి కిటికీలోంచి రైలు పట్టాలు కనిపిస్తాయి. ఒకరిని లేపి అటు తిరిగి చూడమంటాను, అది లుక్. ఏం కనపడుతోందని అడుగుతాను, అది సీ. రైలు వచ్చాక చివరి పెట్టె దాటేదాకా కళ్ళు తిప్పవద్దంటాను, అది వాచ్. ఆ రోజు నిలబడి చూసిన పిల్లలు మళ్ళీ తడబడలేదు.

పెన్న, బనశంకరి:
మాస్టారూ, మరి సినిమాకు?

పలకాబలపం:
రెండూ చెల్లుతాయి. హాలుకు వెళితే సీ ఎక్కువగా వినిపిస్తుంది, ఇంట్లో టీవీలో అయితే వాచ్.

నల్లేరు, జయనగర్:
మా ఇంటి యజమానురాలు కన్నడిగ, నా దగ్గర తెలుగు నేర్చుకుంటున్నారు. ఒకరోజు ‘మీ అమ్మగారిని విని చెప్పండి’ అన్నారు. అడిగి చెప్పమని ఆవిడ ఉద్దేశం. కన్నడంలో ‘కేళు’ అంటే వినడమూ, అడగడమూ కూడా. తమిళంలోనూ అంతే. మనకు విను, అడుగు వేరు వేరు. ఆ రోజు నుంచి ఇంగ్లీషులో తడబడితే సిగ్గుపడటం మానేశాను.

మొగలిపువ్వు, మారతహళ్ళి:
మా పాప ఐదో తరగతి. లెండ్ అనాల్సిన చోటల్లా బారో అనేది. ఒక పెన్సిలు తీసుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. ఇచ్చే చేయి లెండ్, పుచ్చుకునే చేయి బారో. పది సార్లు అటూ ఇటూ మార్చేసరికి కుదిరింది.

సన్నజాజి, హెబ్బాళ:
ఆఫీసు ఈమెయిళ్ళలో ‘ఎదురుచూస్తున్నాను’ దగ్గర జాగ్రత్త పడండి. మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నానని రాయబోయి ఎక్స్‌పెక్ట్ అని రాశాను. పైవారికి అలా రాస్తే ‘జవాబు ఇచ్చి తీరాలి’ అన్న ధ్వని వస్తుందని మా సీనియరు అక్క ఆపింది. వెయిట్ అంటే తొందర పెట్టినట్టుంటుందట. ‘లుక్ ఫార్వర్డ్’ అని మార్పించింది. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

వెన్నెల:
ఎంత మేలు చేశారండీ! సే, టెల్ కూడా చెబుతారా మాస్టారూ?

పలకాబలపం:
టెల్ వెంటనే ఎవరికి చెప్పామో ఆ మనిషి రావాలి. సే వెంట చెప్పిన మాట వస్తుంది. దానికి మనిషిని కలపాలంటే మధ్యలో ‘టు’ ఉండాలి. కథకు, నిజానికి, అబద్ధానికి మాత్రం మనిషి లేకపోయినా టెల్ వాడతారు.

వెన్నెల:
ఈ రోజు మీటింగులో మళ్ళీ గొంతు తెగింది. మనసులో ‘నాకు వినపడటం లేదు’ అనుకుని హియర్ అన్నాను. ఆయన మైకు సరిచేసుకుని మొదటినుంచి చెప్పారు.