పైథాన్ ప్రాక్టీస్‌కి చిన్న చిన్న లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

కిరాణా కుర్రాడు, పర్లాకిమిడి:

అన్నలూ అక్కలూ, డిగ్రీ అయిపోయి పగలు నాన్న కొట్లో కూర్చుంటున్నాను. రాత్రి షట్టర్ దించాక పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) నేర్చుకుంటున్నాను. తెలుగు వీడియోలు చూస్తుంటే లిస్టులు, లూపులు అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది. వీడియో ఆపి సొంతంగా రాద్దామంటే చెయ్యి కదలదు. ఇంటర్వ్యూల సైటు ఒకటి తెరిస్తే మొదటి లెక్కకే టెన్షన్. చదువంతా ఒడియా మీడియం, ఆ ఇంగ్లీషు ప్రశ్న విప్పుకునేసరికే ఓపిక అయిపోతోంది. జవాబు ఒప్పో తప్పో వెంటనే చెప్పే చిన్న ఎక్సర్‌సైజులు ఎక్కడుంటాయి? పాత ల్యాప్‌టాప్ ఉంది. గాలీవానా వస్తే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి, అది కూడా చూసుకుని చెప్పండి.

ల్యాబ్ మాస్టారు, రాయగడ:

తమ్ముడూ, ఇంటర్వ్యూ సైట్లు ఇప్పుడు వద్దు. అవి భాష వచ్చేసిన వాళ్ళకి. నీకు ముందు వేళ్ళకి అలవాటు కావాలి.

కోడింగ్‌బ్యాట్‌తో మొదలెట్టు. స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే నిక్ పార్లాంటే చేసిన సైటు అది. ఉచితం, అకౌంట్ లేకపోయినా నడుస్తుంది. పాతకాలం వాలకం చూసి తీసిపారెయ్యకు. ప్రశ్న రెండు మూడు లైన్లే, దాని కిందే ఏది ఇస్తే ఏ జవాబు రావాలో ఉదాహరణలుంటాయి. ఇంగ్లీషు సగం అర్థమైనా వాటిని బట్టి ప్రశ్న పట్టేయొచ్చు. 'గో' నొక్కగానే పాసైనవి పచ్చగా, తప్పినవి ఎర్రగా కనిపిస్తాయి. ఆ సైటులో వార్మప్-2 అనే భాగంలో లూపులు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేవి) వస్తాయి, మా పిల్లలు చాలామంది చతికిలబడేది అక్కడే. అప్పుడు వీడియో వెతక్కు. కాగితం తీసి, లూపు తిరిగిన ప్రతిసారీ విలువ ఎంతో రాసుకో.

కరెంటు బాధకి ఎక్సర్‌సిజమ్ అనే సైటు. 2013లో కాట్రినా ఓవెన్ మొదలుపెట్టింది, ఇదీ ఉచితమే. ఎక్సర్‌సైజు దించుకుంటే టెస్టు ఫైలు కూడా వస్తుంది. పైటెస్ట్ (ఆ టెస్టులు నడిపే ప్రోగ్రాము) ఒక్కసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండానే సరిచూసుకోవచ్చు, నెట్ వచ్చాక పంపొచ్చు. పూర్తయ్యాక మిగతావాళ్ళ జవాబులు తప్పకుండా చదువు, సగం చదువు అక్కడే ఉంది.

ఇవి చేస్తూనే మన రైలు లైను మీద ఒక లెక్క చెయ్యి. నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్ – ఈ వరసలో లిస్టు పెట్టు (చిన్న స్టేషన్లు వదిలెయ్, వాటివాళ్ళు నన్ను తిట్టుకోకుండా ఉంటే చాలు). ఎక్కే ఊరూ దిగే ఊరూ ఇస్తే దారంతా చూపించే ఫంక్షన్ రాయి. పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి నౌపడా 0, టెక్కలి 1, గుణుపూర్ 5. టెక్కలి నుంచి కాశీనగర్‌కి [1:4] అన్నావనుకో, పర్లాకిమిడిలోనే దింపేస్తుంది, ఎందుకంటే చివరి అంకె లెక్కలోకి రాదు. [1:5] అనాలి. ఇప్పుడు తిరుగు రైలు. గుణుపూర్ నుంచి టెక్కలికి అదే ఫంక్షన్ [5:2] అడుగుతుంది. ఎర్రర్ రాదు, ఖాళీ లిస్టు వస్తుంది. ఎర్రర్ వచ్చినా నయం, ఏ లైనులోనో చెబుతుంది. ఎలా సరిచెయ్యాలో నేను చెప్పను.

జయపురం అక్క:

మాస్టారి మాటే నాదీ. ఒక్కటి కలుపుతాను. పాలిండ్రోమ్ (వెనక నుంచి చదివినా అదే వచ్చే మాట) లెక్క ఎక్కడికెళ్ళినా తగులుతుంది. ఇంగ్లీషు మాటలతో పాసయ్యాక అదే ప్రోగ్రాముకి 'వికటకవి' ఇచ్చి చూడు తమ్ముడూ, కాదు పొమ్మంటుంది. మనకి అయిదక్షరాలు, పైథాన్‌కి పొడవు 7. గుడిని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి తిప్పేసరికి గుడి ముందు, 'వ' తర్వాత వస్తాయి. కొట్లో ఖాతాదారుల పేర్లు తెలుగులోనో ఒడియాలోనో దాచుకుందామంటే ఈ పేచీ ఎలాగూ ఎదురవుతుంది.

కిరాణా కుర్రాడు:

వార్మప్-1 నడుస్తోంది మాస్టారూ, పచ్చరంగు చూస్తే హుషారొస్తోంది. రైలు లెక్కలో వెనక్కి నడవమని చివర -1 పెట్టి [5:0:-1] అంటే టెక్కలి దాకా వచ్చింది. నౌపడా దాకా కావాలని [5:-1:-1] అన్నాను. మళ్ళీ ఖాళీ!

ల్యాబ్ మాస్టారు, రాయగడ:

శభాష్. మధ్యలో పెట్టిన మైనస్ ఒకటి అంటే పైథాన్‌కి లిస్టులో చివరిది. అంటే గుణుపూర్ నుంచి గుణుపూర్‌కే టికెట్ అడిగావు. ముందు [0:6] అని మామూలుగా తీసుకుని, వచ్చిన లిస్టుని తిప్పు. అక్క చెప్పిన వికటకవికి మాత్రం ఈ కిటుకు పనిచెయ్యదు, దాన్ని తర్వాత చూద్దాం.