గనిలోంచి ఎంపీ అయిన జిమ్ గ్రిఫిత్స్ కార్మికులకు నిజంగా ఏం చేశాడు?

అచ్చంపేట_పిల్లగాడు:
మొన్న యూనియన్ మీటింగ్‌లో ఒక పెద్దాయన ఈయన పేరు చెప్పారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 13 ఏళ్లకే బడి మాని బొగ్గు గనిలోకి దిగాడట. సరే, ఎంపీ అయ్యాక ఉపన్యాసాలేనా, లేక కూలివాడి చేతికి ఏమైనా వచ్చిందా? ఎందుకు అడుగుతున్నానంటే మా చిన్నాయన కంకర మిషన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నాడు, ముందు టీబీ అని మందులు వాడారు, తగ్గలేదు, ఇప్పుడు ఎక్స్‌రే చూసి రాతిదుమ్ము వల్ల అంటున్నారు. ఓనర్ని అడిగితే మేస్త్రీని అడుగు అంటాడు, మేస్త్రీ ఫోనే ఎత్తడు.

బొగ్గు_చరిత్ర:
వచ్చింది తమ్ముడూ, డబ్బు రూపంలోనే వచ్చింది. గ్రిఫిత్స్ దక్షిణ వేల్స్ గని కార్మికుల సమాఖ్య అధ్యక్షుడిగా ఉండి 1936లో వేల్స్‌లోని లనెల్లీ నుంచి లేబర్ పార్టీ ఎంపీ అయ్యాడు, 1970 దాకా ఆ సీటు ఆయనదే. అప్పట్లో దుమ్ము జబ్బుకు పరిహారం కావాలంటే అది సిలికోసిస్ అని, అంటే రాతిలోని సిలికా దుమ్ము వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బు అని తేలాలి, బొగ్గు దుమ్మే పీల్చినవాడికి దారి లేదు. ఆయనా మిగతా వేల్స్ గని ఎంపీలూ దీన్ని సభలో పట్టుకుని వదల్లేదు. వైద్య పరిశోధన జరిగింది, 1943లో బొగ్గు దుమ్ము జబ్బుకూ పరిహారం వచ్చింది.

అంతకంటే పెద్ద పని 1946 పారిశ్రామిక గాయాల చట్టం, అప్పుడు ఆయన జాతీయ బీమా మంత్రి. అంతకుముందు దెబ్బ తగిలినవాడు యజమానితో, వాళ్ల బీమా కంపెనీతో కొట్లాడాలి, ఇంట్లో తిండికి లేక ఎంతో కొంత తీసుకుని సంతకం పెట్టేసేవాళ్లు. 1948 జులై 5 నుంచి ప్రభుత్వ నిధే ఇవ్వడం మొదలైంది, పూర్తిగా పనికి దూరమైతే అప్పట్లో వారానికి 45 షిల్లింగులు. ఓనరు దయతో పని లేదు!

నల్గొండ_కామ్రేడ్:
నిజమే, కానీ ఆయన ఒక్కడి గొప్పతనం అనుకోవద్దు. 1945లో లేబర్ పార్టీకి 393 సీట్లు వచ్చి అధికారం దక్కింది కాబట్టి ఆ చట్టం అయింది. మన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు 1952లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు, జనం అంత నమ్మారు, అయినా ఉన్నది ప్రతిపక్షంలో.

ఇక మీ చిన్నాయన సంగతి. మన దగ్గర కూడా పరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో సిలికోసిస్ ఉంది. మేస్త్రీ తెచ్చిన కూలీ అయినా అసలు యజమాని తప్పించుకోలేడు. మస్టర్‌లో పేరు లేకపోయినా భయపడకండి, ఫోన్‌పేలో మేస్త్రీ వేసిన డబ్బుల లిస్టు తీయండి, పక్కన పనిచేసినవాళ్లను సాక్ష్యం అడగండి, పాత ఎక్స్‌రేలు ఒక్కటి కూడా పారేయొద్దు. ఆలస్యం చేస్తే గడువు దాటిపోయిందంటారు, ఈ వారమే లేబర్ ఆఫీసుకు పోండి. డాక్టర్ కాగితం మీద జబ్బు పేరు సిలికోసిస్ అని రాశాడా, లేక ఉత్త ఆయాసం అని రాశాడా? చూసి చెప్పు.