తాత విల్లుకు మెరుపు ఎలా తగ్గించాలి?

నమస్కారమండీ. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లె. మా తాత వేటకు వాడిన విల్లు నా దగ్గరుంది. ఒకే కర్రను చెక్కి చేసింది, ఎక్కడా అతుకు లేదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట మాట లేదు. నేను మామిడి తోటలో గడ్డిమోపు పెట్టి గురి నేర్చుకుంటున్నాను.

పోయిన సంక్రాంతికి తలుపులకు వార్నిష్ వేస్తూ, వడ్రంగి దీనికి కూడా మెరిసే వార్నిష్ రెండు పూతలు వేసేశాడు. ప్రేమతోనే చేశాడు. కానీ పొద్దున్నే నారి లాగితే పిడి పైనుంచి ఎండ తళుక్కున నేరుగా కంట్లో పడుతోంది. విల్లు మెరిస్తే జంతువు బెదురుతుందని తాత నూనెలో మసి కలిపి రుద్దేవాడు. ఆ మసక రంగే నాకు మళ్లీ కావాలి.

నా భయమల్లా విల్లు వీపు వైపు, అంటే లాగేటప్పుడు గురి వైపు ఉండే పక్క గురించే. విల్లు వంగినప్పుడు సాగేది ఆ వైపే. ఉప్పు కాగితం లోతుగా పోయి అక్కడ చెక్క నార తెగితే, లాగేటప్పుడు విరిగిపోవచ్చు.

అందుకని 400 నంబరు వాటర్ పేపర్ తడిపి, వార్నిష్ మెరుపు పోయేవరకే పైపైన రుద్ది, మాట్ పాలియురెథేన్ (మెరుపు లేని వార్నిష్) పలుచగా ఒక పూత వేస్తే సరిపోతుందా? లేక వార్నిష్ మొత్తం తీసేసి, పొందూరు ఖద్దరు గుడ్డతో అవిసె నూనె పట్టించాలా? ఉత్త నూనె మన వానాకాలం చెమ్మకు ఆగుతుందా? చెక్క విల్లుకు స్వయంగా ఈ పని చేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి.