ఖండం దాటే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు: కాలేజీ సాకర్‌కు ఫుట్‌బాల్ గీసిన సరిహద్దులు ఎందుకు?

పాలో ఆల్టో ప్రేక్షకుడు (చర్చ ప్రారంభించినవారు):

మిత్రులందరికీ నమస్కారం. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మైదానానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఎన్నో ఏళ్లుగా ఉంటున్నాను. ఆగస్టు చివరి నుంచి నవంబరు దాకా అక్కడ జరిగే సాకర్ మ్యాచ్‌లలో నేను చూడనివి తక్కువ. ఈ చర్చలో ఫుట్‌బాల్ అన్నచోటల్లా అమెరికన్ ఫుట్‌బాల్ అనీ, మనం చిన్నప్పుడు ఫుట్‌బాల్ అని పిలిచిన ఆటే ఇక్కడి సాకర్ అనీ గ్రహించగలరు.

కాన్ఫరెన్స్ అంటే ఇక్కడ విశ్వవిద్యాలయాల జట్లు తమలో తాము ఆడుకునే కూటమి. 2024 ఆగస్టులో పడమటి తీరపు పాక్-12 కాన్ఫరెన్స్ చెదిరిపోయింది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్స్ అయిన ఏసీసీలో చేరాయి. లాస్ ఏంజెలస్‌లోని యూసీఎల్‌ఏ, సియాటిల్‌లోని వాషింగ్టన్ మధ్యపశ్చిమ రాష్ట్రాల కాన్ఫరెన్స్ అయిన బిగ్ టెన్‌కు వెళ్లిపోయాయి. ఇదంతా ఫుట్‌బాల్ టీవీ ఒప్పందాల కోసం జరిగిందన్నది ఎవరూ కాదనలేని సంగతి. ఏసీసీలో చోటు కోసం స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ తొలి ఏళ్లలో ప్రసార ఆదాయంలో పూర్తి వాటా కాక కొంత వాటాతోనే సరిపెట్టుకున్నాయి, డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లపాటు ఆ వాటాయే అక్కరలేదని ఒప్పుకుంది. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారి, ఎక్కువగా శనివారం ఆడుతుంది కాబట్టి దూరాన్ని ఎలాగో భరిస్తుంది. సాకర్ జట్టు వారానికి రెండేసి మ్యాచ్‌లు ఆడుతుంది, వాటిలో ఒకటైనా తరగతులు జరిగే రోజునే పడుతుంది.

పాత పాక్-12లో పురుషుల సాకర్ ఆడినవి ఆరే జట్లు: స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, వాషింగ్టన్, ఓరెగన్ స్టేట్, సాకర్ కోసం మాత్రమే చేరిన శాన్ డియేగో స్టేట్. ప్రతి జట్టూ మిగిలిన అయిదింటితో సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివారి మైదానంలో ఒకసారి ఆడేది. పది మ్యాచ్‌లయ్యాక పట్టికలో ఎవరు పైన ఉంటే వారే విజేత, వేరే టోర్నమెంటు ఉండేది కాదు. ఇప్పుడు ఏసీసీలో పురుషుల జట్లు 15 ఉన్నాయి, ఒక్కొక్క జట్టు ఆడే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిది. అంటే ప్రతి జట్టుకూ ఆరుగురు ప్రత్యర్థులు ఆ సీజన్‌లో ఎదురుపడనే పడరు. ఒకరితో ఒకరు ఆడని జట్లను ఒకే పట్టికలో పైనా కిందా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. సాకర్‌ను ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌ల నుంచి విడదీసి, బస్సులో వెళ్లి రాగల ప్రాంతీయ లీగ్‌లుగా మార్చాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కేరీ నివాసి:

మీ బాధ అర్థమైంది గాని, మీ వాదనతో ఏకీభవించలేను. నేనుండేది ఉత్తర కరోలినాలోని కేరీలో. శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయ గోపురం చూడడానికి మనవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఊరు ఇది. కాలేజీ సాకర్ అభిమానులకు మాత్రం వేక్‌మెడ్ సాకర్ పార్క్ ఉన్న ఊరు. 2024 డిసెంబరులో మహిళల కాలేజ్ కప్, అంటే జాతీయ టోర్నమెంటు చివరి దశ, సెమీఫైనల్స్ ఇక్కడే జరిగాయి. నార్త్ కరోలినా, డ్యూక్, వేక్ ఫారెస్ట్, స్టాన్‌ఫర్డ్, ఈ నాలుగూ ఏసీసీ జట్లే. ఆ ఆగస్టులోనే నార్త్ కరోలినా మహిళల కోచ్ ఆన్సన్ డోరెన్స్ నాలుగు దశాబ్దాలు దాటిన శిక్షణ బాధ్యతల నుంచి తప్పుకున్నారు, అయినా నార్త్ కరోలినా అమ్మాయిలు ఫైనల్‌లో వేక్ ఫారెస్ట్‌పై 1-0తో గెలిచి తమ 22వ ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల జాతీయ సంస్థ) టైటిల్ అందుకున్నారు. ఆ చలిలో గ్యాలరీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, అంత గట్టి పోటీ ఏ ప్రాంతీయ లీగ్‌లోనూ తయారు కాదు. అక్టోబరులో వారం వారం గట్టివాళ్లతో తలపడబట్టే డిసెంబరులో ఆ నలుగురూ అక్కడ నిలబడ్డారు.

లెక్క కూడా అదే చెబుతుంది. జాతీయ టోర్నమెంటుకు జట్లను ఎంపిక చేయడానికి చాలా కాలంగా వాడుతూ వచ్చిన ఆర్‌పీఐ సూత్రంలో సొంత గెలుపోటముల విలువ 25 శాతమే. ప్రత్యర్థుల గెలుపు శాతానికి 50, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకు మరో 25 శాతం ఉంటాయి. ఎవరితో ఆడామన్నదే మూడు వంతులు తేలుస్తున్నప్పుడు, దగ్గరున్నారన్న ఒక్క కారణంతో బలహీన జట్లతో ఆడమని పిల్లలకు ఎలా చెబుతాం?

పాలో ఆల్టో ప్రేక్షకుడు:

దగ్గరున్నవారు బలహీనులని ఎవరన్నారండీ? స్టాన్‌ఫర్డ్ పురుషులు 2015, 2016, 2017లో వరుసగా మూడుసార్లు జాతీయ విజేతలయ్యారు, ఆ మూడేళ్లూ వారు ఆడింది నేను పైన చెప్పిన ఆరు జట్ల లీగ్‌లోనే. అమ్మాయిలు 2011, 2017, 2019లో గెలిచిందీ పడమటి తీరపు కాన్ఫరెన్స్‌లో ఉండగానే. మాకు ఇరవై మైళ్ల లోపే ఉన్న శాంటా క్లారా మహిళల జట్టు రెండుసార్లు జాతీయ విజేత.

మీరు చెప్పిన ఆ డిసెంబరులోనే అదే పార్కులో పురుషుల కాలేజ్ కప్ కూడా జరిగింది కదా. అక్కడికి చేరినవి వర్మాంట్, డెన్వర్, మార్షల్, ఒహైయో స్టేట్. నాలుగూ నాలుగు వేర్వేరు కాన్ఫరెన్స్‌ల జట్లు, ఏసీసీ నుంచి ఒక్కటీ లేదు. సీడింగ్ కూడా దక్కని వర్మాంట్, న్యూ ఇంగ్లండ్ చుట్టుపక్కల చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడుకుంటూ వచ్చి, ఫైనల్‌లో అదనపు సమయంలో మార్షల్‌ను 2-1తో ఓడించింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉంటేనే ఆట పదునెక్కుతుందన్న మాటకు ఆ రాత్రి ఏమి జవాబు చెబుతారు?

గోల్‌కీపర్ తల్లి:

ఇద్దరూ ఆట గురించి మాట్లాడుతున్నారు. ఆడే పిల్లల రోజు ఎలా గడుస్తుందో కొంచెం చెప్పనివ్వండి. మా అమ్మాయి పడమటి తీరంలోని ఒక విశ్వవిద్యాలయానికి గోల్‌కీపరు, చదివేది రసాయన శాస్త్రం. తూర్పు ప్రయాణం ఉన్న వారంలో వాళ్లు మంగళవారం సాయంత్రమో బుధవారం ఉదయమో విమానం ఎక్కుతారు. గురువారం రాత్రి ఒక మ్యాచ్, అక్కడినుంచి మరో ఊరు, ఆదివారం మధ్యాహ్నం ఇంకొక మ్యాచ్, అర్ధరాత్రి దాటాక ఇల్లు. మూడు గంటల కాలభేదం మూలంగా వెళ్లేటప్పుడు నిద్ర పట్టదు, వచ్చాక తెల్లవారకుండానే మెలకువ వచ్చేస్తుంది. కిందటి సీజన్‌లో ఒక పరీక్షను హోటల్ గదిలో, సహాయ కోచ్ ఎదుట కూర్చుని రాసింది. లేబొరేటరీ తరగతిని మాత్రం హోటల్లో పెట్టలేరు కదా. రెండుసార్లు తప్పిపోయినందుకు ఆ కోర్సును వదిలేసి, వేసవిలో మళ్లీ తీసుకోవలసి వచ్చింది. ఎవరినీ నిందించను, నియమం నియమమే. కానీ ఆ వేసవి ఆమె ఒక పరిశోధనశాలలో పని చేయవలసిన వేసవి.

ఇదంతా విన్నవారు నేను ప్రాంతీయ లీగ్ పక్షమనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని, ఒకరోజు ఫోనులో అదే మాట అన్నాను. "అమ్మా, జాతీయ జట్టు శిబిరానికి వెళ్లొచ్చిన అమ్మాయి కొట్టిన బంతిని నేను ఆపాను, అది నాకు ఇక్కడే దొరికింది" అంది. ఆ గొంతులోని సంతోషం విన్నాక నాకు ఎటు మొగ్గాలో తెలియలేదు. మీరు ఏ పరిష్కారం చెప్పినా ఆ రెండు సంగతులూ, చేజారిన వేసవీ ఆపిన బంతీ, రెండూ లెక్కలోకి రావాలని కోరుతున్నాను.

బ్లూమింగ్టన్ పూర్వ విద్యార్థి:

అమ్మా, మీ మాట చదివాక నేను రాయాలనుకున్నది కొంత మార్చుకున్నాను. ఇండియానా విశ్వవిద్యాలయంలో చదివినవాణ్ణి, ఎనిమిది జాతీయ టైటిళ్లున్న జట్టు మాది. మేమున్న బిగ్ టెన్‌లో పురుషుల సాకర్ జట్లు 11. యూసీఎల్‌ఏ, వాషింగ్టన్ వచ్చాక కూడా ప్రతి జట్టూ మిగిలిన పదింటితో ఒక్కొక్కసారి ఆడుతుంది. కాబట్టి పట్టిక న్యాయం దూరం మీద ఆధారపడిన విషయం కాదు, కాన్ఫరెన్స్‌లో ఎన్ని జట్లున్నాయి, ఎన్ని మ్యాచ్‌లు పెట్టారు అన్నదాని మీద ఆధారపడినది. పాలో ఆల్టో వారి మొదటి వాదనను ఆ మేరకు అంగీకరించలేను.

నా దృష్టిలో అసలు దోషం క్యాలెండర్‌ది. ఆగస్టు చివర మొదలుపెట్టి నవంబరు ఆరంభానికల్లా సీజనంతా ముగించాలనే తొందర వల్లే వారానికి రెండు మ్యాచ్‌లు పడుతున్నాయి. పురుషుల సీజన్‌ను శరత్తు, వసంతం రెండు సెమిస్టర్ల మీదా పరచి వారానికి ఒక్క మ్యాచ్ ఉంచాలని మేరీలాండ్ కోచ్ సాషో చిరోవ్‌స్కీ ఏళ్లతరబడి పోరాడారు. 2020 వసంతంలో ఓటింగుకు రావలసిన ఆ ప్రతిపాదన కోవిడ్ రావడంతో పక్కకు పోయింది. 2025లో అమెరికా సాకర్ సమాఖ్య వేసిన కమిటీ కూడా పురుషుల విభాగానికి విద్యా సంవత్సరమంతా సాగే సీజన్‌నూ, ప్రయాణాలు తగ్గించే ప్రాంతీయ పోటీనీ సూచించింది. మ్యాచ్‌లు శనివారాలకు మారితే సియాటిల్ ప్రయాణం కూడా ఒక శుక్రవారంతో సరిపోతుంది. రెండు మ్యాచ్‌ల నడుమ మూడే రోజులుంటే గాయాలు ఎలా మానతాయో, కొత్తగా వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కోచ్ ఏమి నేర్పగలడో ఆలోచించండి. మా రోజుల్లో మంగళవారం మ్యాచ్‌కు ముందు జట్టు చేసే సాధనంటే మైదానం చుట్టూ మెల్లగా పరుగెత్తడమే.

హంటింగ్టన్ అభిమాని:

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం నుంచి, మార్షల్ జట్టు ఉన్న ఊరి నుంచి రాస్తున్నాను. సాకర్‌ను ఫుట్‌బాల్ నుంచి విడదీయడం సాధ్యమా అన్న సందేహం అక్కరలేదు, అది జరుగుతూనే ఉంది. ఆగ్నేయ రాష్ట్రాల కాన్ఫరెన్స్ అయిన ఎస్‌ఈసీలో పురుషుల సాకర్ లేదు కాబట్టి అక్కడి కెంటకీ, సౌత్ కరోలినా మా సన్ బెల్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడుతున్నాయి. మిగతా ఆటల్లో బిగ్ 12 కాన్ఫరెన్స్‌కు చెందిన వెస్ట్ వర్జీనియా, సెంట్రల్ ఫ్లోరిడా కూడా సాకర్‌కు ఇక్కడికే వచ్చాయి. నోటర్ డామ్ ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా, సాకర్‌ను మాత్రం ఏసీసీలో ఆడుతోంది. వాళ్లకు కుదిరినది స్టాన్‌ఫర్డ్‌కు కుదరదనడానికి కారణం కనిపించదు. మార్షల్, వెస్ట్ వర్జీనియా ఒకే రాష్ట్రపు జట్లు, ఆ మ్యాచ్ ఉన్న రోజున మా ఊళ్లో వేరే మాట వినబడదు. కాలిఫోర్నియాలో ఇరుగుపొరుగు జట్లయిన శాంటా బార్బరా, కాల్ పాలీ మ్యాచ్‌కు నిండే గ్యాలరీలు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. పొరుగువాడి మీద గెలవాలన్న పట్టుదలను ఏ టీవీ ఒప్పందమూ తయారు చేయలేదు.

కేరీ నివాసి:

హంటింగ్టన్ వారు ఇచ్చిన ఉదాహరణలు బలమైనవే, ఒప్పుకుంటాను. వర్మాంట్ సంగతీ కాదనలేను, ఆ ఫైనల్‌కూ నేను వెళ్లాను. అయితే ఆ ఉదాహరణలను మరోసారి చూడండి. కెంటకీ, సౌత్ కరోలినా, వెస్ట్ వర్జీనియా, సెంట్రల్ ఫ్లోరిడా, ఇవన్నీ పురుషుల జట్లే. పురుషుల సాకర్‌ను పెద్ద విశ్వవిద్యాలయాలలో చాలావరకు నడపడమే లేదు కాబట్టి వారు జట్టుకట్టడానికి ఎవరు దొరికితే వారితో కలిశారు. మహిళల సాకర్ స్థితి వేరు. ఎస్‌ఈసీలోనూ, బిగ్ 12లోనూ, ఏసీసీలోనూ దాదాపు ప్రతి విశ్వవిద్యాలయానికీ మహిళల జట్టుంది. ఏసీసీలోనే 17 ఉన్నాయి. నిండుగా ఉన్న కాన్ఫరెన్స్‌లను విడగొట్టమంటే ఏ అథ్లెటిక్ డైరెక్టరూ సంతకం పెట్టడు. పురుషులకైతే ప్రాంతీయ లీగ్‌ను నేనూ సమర్థిస్తాను. మహిళల విషయంలో ఉన్నదాన్ని కదపవద్దు.

పాలో ఆల్టో ప్రేక్షకుడు:

ఇది నేను ఊహించనంత దగ్గరి రాజీ. 2025 కమిటీ కూడా పురుషుల నుంచే మొదలుపెట్టమంది కాబట్టి ముందు ఒక విభాగంలో ఆచరణలోకి రానివ్వండి, ఫలితం చూసి రెండోదానికి వర్తింపజేయవచ్చు. బ్లూమింగ్టన్ వారు చెప్పినట్టు వారానికి ఒక్క మ్యాచ్ కూడా అందులోనే వస్తుంది.

గోల్‌కీపర్ తల్లి:

క్షమించండి, ఇక్కడ మాత్రం నేను ఊరుకోలేను. ఒకే ప్రాంగణంలో, ఒకే మైదానంలో, ఒకే రకం నీలి బూట్లు వేసుకుని సాధన చేసే రెండు జట్లున్నాయి. అబ్బాయిల జట్టు శనివారం ఉదయం బస్సెక్కి నలభై మైళ్లు వెళ్లి, ఆడి, రాత్రి భోజనానికి వెనక్కి వస్తుంది. అమ్మాయిల జట్టు బుధవారం విమానమెక్కి 2,700 మైళ్లు వెళ్లి సోమవారం తెల్లవారుజామున దిగుతుంది. ఫలితం చూసి తరువాత వర్తింపజేద్దామంటున్నారు. మా అమ్మాయికి మిగిలినవి రెండు సీజన్లు, ఆమె తరువాత వచ్చే గోల్‌కీపరుకు నాలుగు. ఆ "తరువాత" ఎవరి చదువు లోంచి పోతుందో కేరీ వారు ఒక్కసారి చెప్పాలి.

మహిళల కాన్ఫరెన్స్‌లను విడగొట్టమని నేను అడగడం లేదు. మా అమ్మాయి కోరుకునే మ్యాచ్‌లు ఉండనివ్వండి. తీరం దాటే ప్రయాణం ఒక జట్టుకు సీజన్‌లో ఒక్కటికి మించకూడదని, ఆ వారంలో ఆదివారం మ్యాచ్ పెట్టకూడదని ఏసీసీ, బిగ్ టెన్ తమ షెడ్యూలులో రాసుకోవచ్చు. మిగిలిన తేదీలను పడమటి జట్లు తమలో తాము, శాంటా క్లారా వంటి పొరుగువారితో కాన్ఫరెన్స్‌తో పనిలేకుండా నింపుకోవచ్చు. దీనికి కొత్త లీగ్ అక్కరలేదు, ఎవరి టీవీ ఒప్పందమూ చెడదు. అబ్బాయిల క్యాలెండర్ మారే రోజునే ఇదీ మారాలి.

కేరీ నివాసి:

మీరడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదమ్మా. సీజన్‌కు ఒక్క తీరం దాటే ప్రయాణం అన్న నియమాన్ని, రెండు విభాగాలకూ ఒకేసారి, నేను సమర్థిస్తున్నాను.