డబుల్ మార్కర్‌లో 1:180 వచ్చింది, తర్వాతి రిపోర్టు దాకా ఏం చేయాలి?

ప్రశ్న:
గర్భానికి 13వ వారం నడుస్తోంది. స్కాన్‌లో ఎన్‌టీ (బిడ్డ మెడ వెనక నీటి పొర మందం) 1.9 మిల్లీమీటర్లు, బాగానే ఉందన్నారు. డబుల్ మార్కర్ రక్తపరీక్షతో కలిపి లెక్క వేస్తే డౌన్ సిండ్రోమ్‌కి (21వ క్రోమోజోము ఒకటి ఎక్కువుండే పరిస్థితి) 1:180 వచ్చింది. కాగితం మీద ఎర్ర అక్షరాల్లో ‘హై రిస్క్’ అని ఉంది. ఎన్‌ఐపీటీ (తల్లి రక్తంలో మాయ డీఎన్‌ఏ చూసే పరీక్ష) చేయించుకుంటారా, ఉమ్మనీటి పరీక్షా, మీరే తేల్చుకోండి అన్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏది ముందు చేయించుకోవాలి?

జవాబు:
ముందు ఆ అంకె సంగతి చూద్దామండీ. ఇలాంటి రిపోర్టు వచ్చిన 180 మంది తల్లుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండొచ్చు, 179 మంది బిడ్డలకు ఉండదు. శాతంలో చెబితే 0.56. ఎర్ర అక్షరాలు పడేది ల్యాబు పెట్టుకున్న హద్దును బట్టి. కొన్నిచోట్ల ఆ హద్దు 1:250, కొన్నిచోట్ల 1:150. హద్దు 1:150 ఉన్నచోట మీ అంకె ‘లో రిస్క్’ కిందే వచ్చేది.

ఇప్పుడు రిపోర్టు పైభాగం తీసి, లెక్కకు వాడిన వివరాలు మీవేనా కాదా చూడండి. పుట్టిన తేదీ, రక్తం ఇచ్చిన రోజు బరువు, స్కాన్‌లో బిడ్డ పొడవు (అది 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి), కవలలా, ఐవీఎఫ్ గర్భమా, మధుమేహం, పొగతాగే అలవాటు. బరువు తప్పు పడితే డబుల్ మార్కర్‌లో కొలిచే హార్మోను లెక్క తప్పుతుంది, ఎందుకంటే బరువు ఎక్కువున్నవాళ్ల రక్తంలో అది పలచబడి కనిపిస్తుంది. వారాలు తప్పు పడితే ఇంకా తేడా వస్తుంది. అదే పరీక్షలో కొలిచే పాప్-ఏ అనే ప్రొటీన్ ఈ నెలల్లో వారం వారానికీ గబగబా పెరుగుతుంది, కాబట్టి ఉన్న వారాల కన్నా ఎక్కువ రాస్తే అది తక్కువున్నట్టు తేలి, రిస్కు పెరిగిపోతుంది. ఐవీఎఫ్‌లో దాత అండమైతే దాత వయసే వేయాలి. తప్పు దొరికితే మళ్లీ రక్తం ఇవ్వక్కర్లేదు, సరైన వివరాలతో లెక్క మళ్లీ కట్టమని ల్యాబును అడిగితే చాలు.

ఇంకొకరి జవాబు:
వివరాలన్నీ సరిగ్గానే ఉంటే, మీ ఎన్‌టీ మామూలుగా ఉంది కాబట్టి నా సలహా ముందు ఎన్‌ఐపీటీ. పదో వారం తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు, మీ చేతి రక్తమే చాలు. డౌన్ సిండ్రోమ్ ఉంటే 99 శాతం పట్టుకుంటుంది. అదే ఎన్‌టీ 3.5 దాటినా, స్కాన్‌లో లోపం కనిపించినా, రిస్కు 1:10 లాంటిది వచ్చినా నేరుగా మాయ ముక్క తీసి చూసే పరీక్షకో, ఉమ్మనీటి పరీక్షకో వెళ్లడం మేలు. అలాంటప్పుడు ఎన్‌ఐపీటీ చూడని తేడాలు కూడా ఉండే అవకాశం ఎక్కువ.

అడిగినవారు:
ఎన్‌ఐపీటీ పాజిటివ్ వస్తే ఇక ఖాయమేనా?

జవాబు:
కాదమ్మా. అది వెతికేది మాయ నుంచి తల్లి రక్తంలోకి వచ్చే డీఎన్‌ఏను. తేడా ఒక్కోసారి మాయలో మాత్రమే ఉండి బిడ్డలో ఉండదు. వెయ్యిమందిలో ఒకరికి తప్పు పాజిటివ్ వస్తుందనుకుని లెక్క వేయండి. 1:180 రిస్కున్న 18,000 మందిలో నిజమైన పాజిటివ్‌లు 99, తప్పువి 18. అదే 1:1000 రిస్కున్న 10,000 మందిలో నిజమైనవి దాదాపు 10, తప్పువీ 10. అందుకే ఎన్‌ఐపీటీ కాగితం ఒక్కటే చూసి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, ఉమ్మనీటితో నిర్ధారించుకోవాలి. ‘ఫలితం రాలేదు’ అని వచ్చినా వెంటనే బెంబేలెత్తకండి. రక్తంలో మాయ డీఎన్‌ఏ వాటా సుమారు 4 శాతం కన్నా తగ్గితే చాలా ల్యాబుల్లో అలాగే వస్తుంది. బరువు ఎక్కువున్నా, తొందరగా రక్తం తీసినా తగ్గుతుంది. మళ్లీ ఇవ్వాలా, నేరుగా ఉమ్మనీటికి వెళ్లాలా అన్నది డాక్టర్‌తో తేల్చుకోండి.

ఉమ్మనీరు తీసేది 15 వారాలు నిండాక. స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో 15–20 మిల్లీలీటర్లు తీస్తారు. దానివల్ల అదనంగా గర్భం పోయే ప్రమాదం 200 మందిలో ఒకరి కన్నా తక్కువ. 13, 18, 21 క్రోమోజోముల తొలి ఫలితం రెండు మూడు పనిదినాల్లో, పూర్తి కారియోటైప్ (క్రోమోజోములన్నిటినీ చూసే పరీక్ష) సుమారు రెండు వారాల్లో వస్తుంది. మీది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఇచ్చేది) గురించి ముందే అడగండి. పరీక్ష తర్వాత నీరు కారినా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు.

అడిగినవారు:
నా దిగులు బిడ్డకు ఏమైనా చేస్తుందేమోనని ఇంకో భయం.

మానసిక ఆరోగ్య సలహాదారు జవాబు:
క్రోమోజోముల సంఖ్య దాదాపు ఎప్పుడూ అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడే తేలిపోతుంది. మీరు తిన్నది, పడిన దిగులు, ఎత్తిన బరువు, ఏదీ దాన్ని మార్చలేదు. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పండి, ‘నువ్వేం చేశావ్’ అన్న మాట ఎవరి నోటా రాకుండా.

రోజంతా మెదిలే ఆలోచనలకు సాయంత్రం 20 నిమిషాలు కేటాయించండి, పడుకునే ముందు మాత్రం వద్దు. కాగితం మీద రెండు వరుసలు వేసుకోండి. డాక్టర్ చెప్పగలిగే ప్రశ్నలు ఒకవైపు, రిపోర్టు వచ్చేదాకా ఎవరూ చెప్పలేనివి రెండోవైపు. మొదటి వరుస మడిచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రెండోదానికి జవాబు ఫోన్‌లో దొరకదు. వెతికినకొద్దీ కాసేపు ఊరట, ఆ తర్వాత మరింత ఆదుర్దా. అలా అది అలవాటుగా మారుతుంది. గుండె దడదడలాడినప్పుడు నాలుగు అంకెలు లెక్కిస్తూ ఊపిరి తీసి, ఆరు అంకెలు లెక్కిస్తూ వదలండి, ఐదు నిమిషాలు. పడుకున్న 20 నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చోండి, కళ్లు బరువెక్కాక మళ్లీ పడుకోండి.

ఫలితం ఎవరు, ఎప్పుడు, ఎలా చెబుతారో రక్తం ఇచ్చే రోజే మాట్లాడుకోండి. కాగితం నేరుగా ఫోన్‌కి వచ్చేకన్నా డాక్టర్ నోట వినడం మేలు, పక్కన మీవాళ్లు ఒకరుండాలి. సెలవు ముందురోజు సాయంత్రం మాత్రం వద్దు, అనుమానం వస్తే అడగడానికి ఎవరూ దొరకరు. చుట్టాలకు కబురు చెప్పే పని ఒక్కరికే అప్పగించండి.

రెండు వారాలుగా చాలా రోజులు ఇలాగే ఉన్నా, తిండి సయించకపోయినా, ఊపిరాడనట్టు భయం మళ్లీ మళ్లీ వస్తున్నా ప్రసూతి డాక్టర్‌కే చెప్పి మానసిక వైద్యుల దగ్గరికి పంపమనండి. చనిపోవాలనిపిస్తే ఆ రోజే వెళ్లండి, ఒంటరిగా ఉండకండి. ఇప్పటికే ఆందోళనకు మందులు వాడుతుంటే గర్భమని ఒక్కసారిగా ఆపేయకండి, రాసిన డాక్టర్‌ను అడిగాకే మార్చండి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా కొనొద్దు.