ఒమన్‌లో ఎడారి లోయల నడక: అమ్మానాన్నలతో ఒక్క రోజులో ఏవి చూడొచ్చు?

ఎంవీపీ_డబుల్‌రోడ్

నమస్కారం అందరికీ. సంక్రాంతి సెలవులకి మస్కట్ వెళ్తున్నాం. మా బావమరిదికి అక్కడే ఉద్యోగం, కారుంది, అన్నీ తిప్పుతానంటున్నాడు. వాడు పంపే వీడియోల నిండా గడ్డిపోచ లేని కొండలు, వాటి సందులో ఆకుపచ్చ నీళ్లు, పక్కనే ఖర్జూరపు తోటలు, నీళ్లలో ఈత కొట్టే జనం. చూస్తే ఇప్పుడే వెళ్లిపోవాలనిపిస్తుంది. కానీ వాడు తెల్లారకముందే జిమ్‌కి పోయే రకం, వాడు "ఈజీ బావా" అన్నాడంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే పాప, అమ్మ, నాన్న. నాన్నకి 67. మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది గానీ రోజూ ఆర్కే బీచ్‌లో కాళీ గుడి దగ్గర నుంచి వుడా పార్క్ దాకా నడిచి వస్తారు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చేసిన మనిషి కాబట్టి "ఆ లోయ ఎంతరా, 4 కిలోమీటర్లేగా" అని కొట్టిపారేస్తున్నారు. అమ్మ నడుస్తుంది, కానీ ఎత్తు నుంచి కిందకి చూస్తే కళ్లు తిరుగుతాయంటుంది. ఈత మాలో పాపకి తప్ప ఎవరికీ రాదు. సముద్రం పక్కన పుట్టి ఈత రాదేంటని నవ్వకండి, ఆర్కే బీచ్‌లో మోకాళ్ల దాకా కన్నా లోపలికి దిగేవాళ్లు ఎంతమందో మీకూ తెలుసు.

పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేలా ఏవి పెట్టుకోవాలి, ఏవి వదిలేయాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అలాగే వచ్చే ఏడాది మా అక్క వాళ్లు లాస్ ఏంజెలెస్ రమ్మంటున్నారు, అక్కడా ఎడారిలో ఇలాంటి లోయలున్నాయట కదా, ఎవరైనా చూసుంటే అదీ ఓ మాట చెప్పండి.

గాజువాక_మస్కట్

అన్నా, నేను మస్కట్‌లో చాన్నాళ్లు పనిచేసి వచ్చాను, చలికాలంలో శుక్రవారం వచ్చిందంటే ఏదో ఒక వాదీకి (కొండల మధ్య ఏటి లోయని అక్కడ అలా అంటారు) పోవాల్సిందే.

మీ బావమరిది పంపింది వాదీ షాబ్ అయ్యుంటుంది, అందరూ అదే పంపుతారు. మస్కట్ నుంచి సూర్ వెళ్లే హైవేలో ఇంచుమించు 150 కిలోమీటర్లు. హైవే వంతెన కిందే కార్లు ఆపుతారు. అక్కడ నీటిపాయ దాటించడానికి పడవవాడు రానూపోనూ కలిపి మనిషికి ఒక రియాల్ తీసుకుంటాడు. దాటేదేమో రెండు నిమిషాలు, దానికి మన డబ్బుల్లో 200 పైచిలుకు ఇవ్వాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, ఏం చేస్తాం. అవతల అరటి తోటలు, ఖర్జూరాల పక్క నుంచి ముప్పావు గంట నడక. మొదట్లో హాయిగా ఉంటుంది, తర్వాత బండరాళ్లు, కొన్నిచోట్ల కొండ గోడని ఆనుకుని ఒక్క మనిషి పట్టే దారి. ఆ నడక అయ్యాక మడుగుల్లో ఈదుకుంటూ పోవాలి, చివర్న రెండు రాళ్ల మధ్య తల మాత్రమే పట్టే సందు వస్తుంది, అందులోంచి అవతలికి పోతే గుహ, లోపల జలపాతం. ఈత రానివాళ్లు ఆ గుహ సంగతి మర్చిపోవాలి. అయినా మొదటి మడుగు దాకా నడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూచున్నా ఇచ్చిన రియాల్‌కి న్యాయం జరిగినట్టే. మీ నాన్నగారి మోకాలికి మాత్రం ఆ బండలు వద్దు.

పెద్దవాళ్లతో అయితే నా ఓటు వాదీ బనీ ఖాలిద్‌కి. దూరం ఎక్కువ, 200 కిలోమీటర్లు దాటుతుంది, పొద్దున్నే 6 గంటలకల్లా కారెక్కాలి. కానీ దిగాక దారి చదునుగా ఉంటుంది, కాలవ పక్కనే కాసేపు నడిస్తే పెద్ద మడుగు, ఏడాది పొడవునా నీళ్లుంటాయి, హోటల్ కూడా అక్కడే. పెద్దవాళ్లు నీడలో కూచుంటే మీరూ పాపా ఇంకా లోపలికి రాళ్ల మీదుగా గుహ వైపు వెళ్లి రావచ్చు. ఒకటే షరతు, శుక్ర, శనివారాలు వద్దు. అక్కడ సెలవులు అవే, ఆ రెండ్రోజులూ భోగి ముందురోజు ద్వారకా బస్టాండ్‌లా ఉంటుంది.

గిరి ప్రదక్షిణ లెక్క గురించి నాన్నగారికి నా మాటగా చెప్పండి. ప్రదక్షిణ చేసేది రోడ్డు మీద, అడుగడుగునా ఎవరో ఒకరు మజ్జిగో పులిహోరో చేతిలో పెడతారు. పైగా మనది ఉప్పుగాలి ఊరు, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంటే నీళ్లు తాగాలని దానంతటదే గుర్తొస్తుంది. అక్కడ లోయల్లో గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే తెలియదు, పట్టేలోపే ఆరిపోతుంది, చొక్కా వేసుకున్నప్పుడు ఎలా ఉందో అలానే ఉంటుంది. జనవరిలో ఎండ కూడా హాయిగానే ఉంటుంది కాబట్టి ఎవరూ సీసా మూత తియ్యరు, మధ్యాహ్నానికి తలనొప్పి, వికారం, కాళ్లు పట్టెయ్యడం. మన తీరం వాళ్లు దెబ్బ తినేది ఇక్కడే, దూరం దగ్గర కాదు. దాహం వేసినా వెయ్యకపోయినా టైం చూసుకుని తాగించండి, ఉత్త నీళ్లే కాకుండా కాస్త ఉప్పు పడేలా కూడా చూడండి.

పెందుర్తి_బ్యాక్‌ప్యాక్

అంత దూరం ఎందుకు సార్, మన గండికోట లేదా? పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన లోయ, పైన కోట, మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కడప, అక్కడి నుంచి జమ్మలమడుగు మీదుగా వెళ్లిపోవచ్చు. పాస్‌పోర్టు అక్కర్లేదు, పడవవాడికి రియాల్ ఇవ్వక్కర్లేదు.

ఎంవీపీ_డబుల్‌రోడ్

@పెందుర్తి గండికోట చూశాం బ్రదర్, సూపర్, కాదన్నదెవరు. టికెట్లు కొనేశాక ఇప్పుడు కడప అంటే మా ఆవిడ ఊరుకోదు :)

@గాజువాక_మస్కట్ చాలా థ్యాంక్స్ అన్నా, కళ్లకి కట్టినట్టు చెప్పావు. మా వాడు జెబెల్ షమ్స్‌లో బాల్కనీ వాక్ అని ఇంకోటి చెప్తున్నాడు, "మొత్తం చదునే, ఎక్కేదే లేదు" అంటున్నాడు. నిజమేనా? ఇంకోటి, అక్కడ వాన పడదు కదా, గొడుగుల్లాంటివి అక్కర్లేదుగా?

గాజువాక_మస్కట్

ఎక్కేది పెద్దగా లేదన్న మాట నిజమే. చెప్పనిది ఏంటంటే పక్కన లోయ. ఒమన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ అది, దాదాపు 3,000 మీటర్లు, దాని భుజం మీద అల్ ఖితైమ్ అనే చిన్న ఊరి దగ్గర నడక మొదలై, కొండ అంచునే పోయి జనం ఎప్పుడో వదిలేసి వెళ్లిపోయిన పాత రాతి ఇళ్ల దగ్గర ఆగుతుంది. వెళ్లడం, రావడం కలిపి మూడు నాలుగు గంటలు. కింద వాదీ గుల్, అంచు నుంచి అడుగుకి ఇంచుమించు ఒక కిలోమీటరు లోతు, దారికి రెయిలింగ్ లేదు. నా లెక్కలో మొత్తం ఒమన్‌లో అంత అందమైన నడక ఇంకోటి లేదు, కానీ మీ అమ్మగారిని తీసుకెళ్లకండి. పైగా మస్కట్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలంటే రోజంతా కారులోనే గడిచిపోతుంది, చివర్లో కంకర రోడ్డు, దానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలి. వెళ్తే మీరూ బావమరిదీ దారిలో నిజ్వా అనే ఊళ్లో రాత్రి ఉండి పొద్దున్నే వెళ్లండి. జనవరిలో అక్కడ చలి మన అరకు చలిని మరిపిస్తుంది, స్వెటర్లు పెట్టుకోండి.

వాన సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వానలు తక్కువే, కానీ ఆ కొండలు ఉత్త రాయి, పడ్డ నీరు ఇంకదు, మొత్తం వాదీలోకి దిగుతుంది. మీ నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే ఎక్కడో పైన పడ్డ వాన గోడలా వచ్చేస్తుంది. మనకి హుద్‌హుద్ వస్తోందని రోజుల ముందే చెప్పారు, కిటికీలు బిగించుకుని కూచున్నాం. వాదీలో అంత టైం ఇవ్వదు. 2024 ఏప్రిల్‌లో అక్కడ వరదలకి బడిపిల్లలు కొట్టుకుపోయి చనిపోయారు. పారుతున్న వాదీని కారుతో దాటడం అక్కడ నేరం కూడా. ముందురోజు రాత్రి వాతావరణం చూసుకోండి, కొండల వైపు మబ్బు పట్టిందంటే ప్రోగ్రాం మార్చి ఏ నిజ్వా కోటకో వెళ్లండి. నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకి తిరిగినా, పైనుంచి హోరు వినిపించినా సామాను వదిలేసి గట్టెక్కాలి. ఎమర్జెన్సీ నంబర్ 9999, ఫోన్లలో ఫీడ్ చేసుకోండి, అయితే లోయ లోపల సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

సీతమ్మధార_టీచర్

బాబూ, కాలిఫోర్నియా గురించి అడిగావు కదా. మా అమ్మాయి వాళ్లు లాస్ ఏంజెలెస్ దగ్గర ఉంటారు, మమ్మల్ని పామ్ స్ప్రింగ్స్ తీసుకెళ్లారు, కారులో రెండు గంటలు దాటి పడుతుంది. ఊరి అంచున ఇండియన్ కాన్యన్స్ అని ఉంది, అది అక్కడి మూలవాసులైన కవీయా తెగ వాళ్ల సొంత భూమి, టికెట్ కూడా వాళ్లే ఇస్తారు. అందులో మూడు లోయలు చెప్పుకోదగ్గవి, పామ్ కాన్యన్, ఆండ్రియస్, ముర్రే.

నా వయసు వాళ్లకి ఆండ్రియస్ సరిగ్గా సరిపోతుంది, చుట్టి వస్తే 1.6 కిలోమీటర్లే. చుట్టూ మాడిపోయిన కొండలు, మధ్యలో ఏరు, ఏటి వెంట వందల కొద్దీ తాటి జాతి చెట్లు. ఆకులు విసనకర్రల్లా ఉంటాయి, ఎండిన ఆకులు రాలవు, మానుకి పైనుంచి కింది దాకా వేలాడుతూనే ఉంటాయి. అక్కడ బండల మీద ఆ తెగ ఆడవాళ్లు గింజలు దంచుకున్న గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, చెట్ల కన్నా వాటి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను, మా అల్లుడు కారు దగ్గర నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. పామ్ కాన్యన్ 24 కిలోమీటర్ల పొడవు, కానీ అంతా నడవాలని ఎవరూ అనరు, పై నుంచి లోయలోకి దిగి చెట్ల నీడలో ఓపికున్నంత దూరం వెళ్లి వెనక్కి వస్తే చాలు. దిగడం ఉంది కాబట్టి నాన్నగారి మోకాలు గుర్తుపెట్టుకో. పక్కనే టాక్విట్జ్ లోయకి వేరే టికెట్, 3 కిలోమీటర్ల చిల్లర, చివర్న 60 అడుగుల జలపాతం, అయితే దారిలో రాతి మెట్లు ఎత్తుగా ఉంటాయి.

ఎడారిలో ఈ చెట్లు ఎక్కడి నుంచి వచ్చాయా అని నాకు అనుమానం వచ్చింది. కొన్ని లోయలకి కొండ మీది మంచు కరిగి ఏరుగా వస్తుంది. ఇంకొన్నిచోట్ల, ముఖ్యంగా పామ్ స్ప్రింగ్స్ ఉన్న పెద్ద లోయకి అవతలి వైపు, భూకంపాలు తెచ్చే శాన్ ఆండ్రియాస్ పగులు ఉంది కదా, అక్కడ నలిగిన రాయి భూగర్భ జలానికి అడ్డుకట్ట వేస్తుంది, నీరు పోయే దారి లేక పైకి వస్తుంది. చెట్లు ఒక గీత గీసినట్టు వరసగా కనిపిస్తే కింద పగులు ఉందన్నమాట.

జాషువా ట్రీ నేషనల్ పార్క్‌లో ఫార్టీనైన్ పామ్స్ అని ఇంకో నడక ఉంది, రానూపోనూ 5 కిలోమీటర్ల లోపే, అయితే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒక గట్టు ఎక్కి దిగాలి, దారిలో నీడ లేదు. అది మా అమ్మాయి వెళ్లొచ్చింది, నేను వెళ్లలేదు. మనిషికి రోజుకి కనీసం 4 లీటర్ల నీళ్లు తీసుకెళ్లమని పార్క్ వాళ్లే చెప్తారు. వేసవిలో కొండ గొర్రెలు నీళ్లకి వస్తాయని ఆ దారి మూసేస్తారు. ఎలాగూ వేసవిలో ఆ వైపు వెళ్లకూడదు, 45 డిగ్రీలు దాటిపోతుంది. నవంబర్ నుంచి మార్చి లోపు పెట్టుకో బాబూ. అక్క వాళ్లు పిల్లల సెలవులని జూన్‌లో రమ్మంటారు, అప్పుడైతే సముద్రం వైపు చూపించమను.

మధురవాడ_ఫిజియో

మోకాలి గురించి ఒక మాట. బీచ్ రోడ్డు మీద నడక చదును నడక, మోకాలికి బరువు పడేది దిగేటప్పుడు. వెళ్లేలోపు కొన్ని ఆదివారాలు నాన్నగారిని ఎర్రమట్టి దిబ్బల వైపు తీసుకెళ్లండి, భీమిలి రోడ్డులోనే కదా, ఆ మట్టి సందుల్లో కాస్త ఎత్తుపల్లాలు అలవాటవుతాయి. గట్లు మాత్రం ఎక్కొద్దు, అసలే కరిగిపోతున్నాయి. రెండు వాకింగ్ స్టిక్‌లు కొనండి, ఒకటి కాదు రెండు. దిగేటప్పుడు ముందు కర్రలు, తర్వాత కాలు. కొత్త బూట్లు అక్కడికెళ్లి మొదటిసారి వేసుకోవద్దు, ఇప్పుడే కొని ఇక్కడ అరగదీయాలి. నొప్పి ఇప్పటికే రోజూ ఉంటే ముందు డాక్టర్‌కి చూపించండి.

ఎంవీపీ_డబుల్‌రోడ్

అందరికీ పెద్ద దండం. టీచర్ గారూ, మా అక్క నిజంగానే జూన్ అంది, మీ పోస్టు తనకి పంపించేశాను.

ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. బనీ ఖాలిద్ అందరం కలిసి ఆదివారమో సోమవారమో. వాదీ షాబ్‌కి నేనూ పాపా బావమరిదీ, ఆ రోజు అమ్మానాన్నా మా ఆవిడా ఇంట్లో. నాన్న మాత్రం అలిగారు. ఆయన కోసం ఇంకోటి ఏదైనా, చదునుగా, కాస్త నడిచినట్టు కూడా ఉండేది, చెప్పగలరా? అలాగే షాబ్‌లో బట్టల సంగతి ఏంటి?

గాజువాక_మస్కట్

నాన్నగారికి బిర్కత్ అల్ మౌజ్. నిజ్వా వెళ్లే దారిలోనే, గంటన్నర ప్రయాణం. ఖర్జూర తోటల మధ్య చదునైన దారులు, పక్కనే రాతి కాలవలో నీళ్లు గలగలా పోతుంటాయి, ఆ పేట రైతులు వంతులేసుకుని వాడుకుంటారు. కొండ అడుగు నుంచి వాలు పట్టుకుని వచ్చే కాలవలు అవి, మోటారు లేదు, ఏమీ లేదు. అలాంటి ఐదు కాలవల్ని 2006లో యునెస్కో జాబితాలో పెట్టారు, ఆ ఊరి అల్ ఖత్మైన్ కాలవ అందులో ఒకటి. వెనక పాత మట్టి ఇళ్లు కూలి ఉంటాయి, వాటి మీదకి ఎక్కనివ్వకండి. ఆయనకి వ్యవసాయం మీద ఇంట్రెస్ట్ ఉంటే సాయంత్రం దాకా కదలరు. మిస్ఫా అనే కొండ ఊరు ఇంకా బావుంటుంది గానీ అంతా మెట్లే, ఆయనకి వద్దు.

బట్టలు: ఈత కొట్టినా టీషర్టు, మోకాళ్లు దాటే నిక్కరు వేసుకోవాలి, పాపకి కూడా ఒళ్లు కప్పే ఈత బట్టలు కొనండి, అవి ఊళ్లవాళ్లు తిరిగే చోట్లు. కాళ్లకి చెప్పులు కాదు, నీళ్లలో జారని బూట్లు. ఫోన్‌కి నీళ్లు చొరబడని సంచి. ఈత వచ్చినా సరే పాపకి లైఫ్ జాకెట్ తప్పకుండా వెయ్యండి, సముద్రం ఉప్పునీళ్లలో తేలినంత సులువుగా ఆ మడుగుల్లో తేలరు. పడవ సాయంత్రానికి ఆపేస్తారు, జనవరిలో లోయలోకి నీడ కూడా తొందరగా దిగుతుంది, అందుకని మీ బావమరిది ఏం చెప్పినా సరే మధ్యాహ్నం 2కల్లా వెనక్కి తిరగండి. ఈ చివరి లైను స్క్రీన్‌షాట్ తీసి వాడికి పంపండి.