దోమతెరలోంచి దూరివచ్చి కుట్టే నుసుములు: వీటిని గుర్తుపట్టడం ఎలా?

మందకాపరి, కర్నూలు జిల్లా:
వానలు మొదలైనప్పటి నుంచి మా గొర్రెల దొడ్డిలో పొద్దు గూకే వేళకు ఆవగింజంత నల్లని పురుగులు ముసురుకుంటున్నాయి. దోమతెర కట్టుకున్నా కంతల్లోంచి దూరి కుడుతున్నాయి. ఆ చోట నిప్పురవ్వ పడినట్టు మండి, దద్దురు రెండు రోజులు తగ్గడం లేదు. మా పెద్దలు నుసుములంటారు, పక్క ఊళ్లో చీకటీగలంటారు. ఇవి దోమ పిల్లలేనా? నిరుడు ఇదే అదనులో మా గొర్రెలు నాలుగింటికి మూతులు వాచాయి, అందుకే అడుగుతున్నాను.

పశువైద్య విద్యార్థి:
అన్నగారూ, దోమ రెక్కలు వచ్చాక ఇక పెరగదు కాబట్టి ఎగిరే దోమ పిల్లలంటూ ఉండవు. ఇవి క్యూలికాయిడిస్ అనే ప్రజాతి పురుగులై ఉండాలి. రెండింటిని పట్టి స్పిరిట్‌లో వేసి భూతద్దంతో చూడండి. రెక్కల మీద నలుపు తెలుపు మచ్చలు కనిపిస్తే అవి చాలావరకు ఇవే. వాలినప్పుడు ఆ రెక్కలు కత్తెర మడిచినట్టు ఒకదానిపై ఒకటి వీపున పరుచుకుంటాయి. ఇసుక ఈగకు ఒంటినిండా నూగు ఉంటుంది, అది రెక్కలు పైకెత్తి కూర్చుంటుంది. దోమకు పొడవైన తొండం ఉంటుంది. నుసుముకు ఉన్న పొట్టి నోరు చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని పీలుస్తుంది కనుకనే అంత మంట. కుట్టేది ఆడదే, మగదానికి మీసాలు కుచ్చుల్లా ఉంటాయి.

ఆడదాని పొట్ట ముదురు ఎరుపుగా కనిపిస్తే, అది ఇంతకుముందే రక్తం తాగి గుడ్లు పెట్టినదని అర్థం. గొర్రెల మూతులు వాచేలా చేసే నీలినాలుక (బ్లూటంగ్) అనే వైరస్ వ్యాధిని ఒక గొర్రె నుంచి మరో గొర్రెకు మోసేది అలాంటిదే కాబట్టి, మీరు భయపడవలసింది దానికే.

పాడి రైతు, తూర్పు గోదావరి:
మా కొట్టంలో నీళ్ల తొట్టి కింద పేడ కలిసిన బురదే వీటి పుట్టిల్లని తేలింది. అది ఎత్తి పోసి, సాయంత్రాలు ఫ్యాను పెట్టాక గేదెలు కుదుటపడ్డాయి. ఇవి గాలికి ఎదురు ఎగరలేవు. మా కోకో పూలకు పరాగం మోసే చిన్న పురుగులూ ఈ కుటుంబానివేనట, అందుకే తోటలో మాత్రం మందు కొట్టను.

పశువైద్య విద్యార్థి:
మంచి పని చేశారు. అన్నగారూ, ఒక మాట: ఆవులు, ఎద్దులు, గేదెల్లో ఆ నీలినాలుక వైరస్ తరచు లక్షణాలేవీ చూపకుండానే ఉంటుంది కనుక, గొర్రెలను వాటి పక్కన కట్టకండి. మన దేశంలో ఈ వైరస్‌లోని అయిదు రకాలకు (1, 2, 10, 16, 23 నంబర్లవి) కలిపి తయారు చేసిన టీకా ఉంది; వానలకు ముందే వేయించాలి.

మందకాపరి, కర్నూలు జిల్లా:
భూతద్దంలో చూశాను తమ్ముడూ. రెక్కల మీద మచ్చలున్నాయి, పట్టిన ఆరింటిలో రెండింటి పొట్టలు ఎర్రగా ఉన్నాయి. ఈ రాత్రే మందను ఎద్దుల కొట్టానికి దూరంగా మెట్టకు తోలుతున్నాను.